దోమ దొరికిన గది, జ్వరం వదలని కొండ

బేగంపేటలో రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనాన్ని కాపాడుకోవడం హైదరాబాద్ పని మాత్రమేనా? అరకు, పాడేరు కొండలకూ అందులో వాటా ఉంది

వానలు వెనకబట్టాక అరకు లోయలో గెడ్డలు తేటపడతాయి. బురద అడుగుకు దిగుతుంది. నీరు అంచుల్లోని గడ్డిని ఒరుసుకుంటూ నెమ్మదిగా జారుతుంది. మెట్ల పొలాల గట్ల కింద ఊటలు చెమరుస్తుంటాయి. కొండవాలు నిండా వలిసె పూలు. బొర్రా దాటిన రైలు కిటికీలోంచి చూసేవాళ్ళకు ఏడాదిలో ఇంతకంటే మంచి రోజులు ఉండవు. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆ తేట నీటి అంచునే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే చిన్న దోమ గుడ్లు పెడుతుంది. మురుగు కాలువ దీనికి గిట్టదు. పారే నీరు కావాలి, కానీ ఉరవడి ఉండకూడదు. గడ్డి నీడ ఉండాలి. తూర్పు కనుమల్లో కనిపించే దీని రకానికి పశువుల రక్తం కంటే మనిషి రక్తమే ఇష్టం. మన్యం జ్వరం అని పల్లపు ప్రాంతాలవాళ్ళు తరాలుగా భయపడిన జబ్బును ఇల్లిల్లూ తిప్పిన దోమల్లో ముఖ్యమైనది ఇదే.

ఆ భయం చిన్నది కాదు. ఏజెన్సీకి బదిలీ అంటే శిక్ష అని ప్రభుత్వ ఉద్యోగులు మొన్నమొన్నటిదాకా అనుకునేవారు. 1879 నాటి రంప పితూరీని అణచడానికి కొండలెక్కిన సిపాయిల్లో తుపాకీ దెబ్బకంటే జ్వరం దెబ్బకు పడిపోయినవాళ్ళే ఎక్కువ. బ్రిటిష్ ప్రభుత్వం 1839లోనే గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి వేరుచేసి ఏజెన్సీగా మార్చింది. అయినా చాలాకాలం పాటు తన మనుషుల్ని అక్కడ నిలపలేకపోయింది. ఆ కొండల్లోనే పుట్టి పెరిగినవాళ్ళు మాత్రం జ్వరంతోనే బతికారు. పిల్లల్ని పోగొట్టుకుంటూ బతికారు. ఆ చావుల లెక్క ఎవరూ రాయలేదు.

జ్వరానికీ ఆ తేట నీటికీ మధ్య ఉన్న లంకె ఒక దోమ పొట్టలో బయటపడింది. అదీ మన నేలమీదే, సికింద్రాబాద్ కంటోన్మెంటు పక్కన బేగంపేటలోని ఒక చిన్న సైనిక ఆసుపత్రిలో, 1897 ఆగస్టు 20న. ఆ భవనం ఇంకా నిలిచి ఉంది. సర్ రొనాల్డ్ రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పారాసైటాలజీ పేరుతో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. పాత కట్టడాన్ని బాగుచేసి విజ్ఞాన ప్రదర్శనశాలగా మార్చుకోవడం గురించి తెలుగువాళ్ళం మాట్లాడుకోవలసి వస్తే మొదట మాట్లాడుకోవలసింది దీని గురించే. ఆ పని సగమే జరిగిందనీ, మిగతా సగం అరకు కొండలను కలుపుకుంటేనే పూర్తవుతుందనీ నా నమ్మకం.

పంకా ఆపేసిన గది

రొనాల్డ్ రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో డాక్టరు. కవిత్వం, గణితం అంటే ప్రాణం. మలేరియా పరాన్నజీవిని ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో మనిషి రక్తంలో చూశాడు. అది ఒక మనిషి నుంచి మరో మనిషికి ఎలా చేరుతోందో మాత్రం ఎవరికీ తెలియదు. చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలే కారణమని లోకం నమ్మేది. బోదకాలు పురుగును దోమలో చూసిన పాట్రిక్ మాన్సన్ లండన్‌లో రాస్‌ను కూర్చోబెట్టి, మలేరియా సంగతి కూడా దోమలోనే వెతకమన్నాడు.

రాస్ 1895 నుంచి వెతికాడు. బూడిదరంగు దోమల్ని, చారల దోమల్ని పట్టి, జ్వరపడ్డవాళ్ళ మీద వదిలి, తరువాత ఒక్కొక్కటే కోసి చూశాడు. ఏమీ దొరకలేదు. దొరకదు కూడా. అవి మనిషి మలేరియాను మోసే జాతులు కావు. ఆ సంగతి ఆయనకు చెప్పగలిగినవాళ్ళు అప్పట్లో ఎక్కడా లేరు. మధ్యలో బెంగళూరులో కలరా పని మీద పడింది. 1897లో ఊటీ దగ్గర సీగూరు కనుమకు వెళ్ళి తానే మలేరియా తెచ్చుకున్నాడు. సెలవు ముగిశాక మళ్ళీ సికింద్రాబాద్ చేరాడు.

ఆ వేసవిలో ఆయన పనిచేసిన తీరును ఆయనే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. గది చీకటి, ఉక్క. పంకా లాగిస్తే కోసి పెట్టిన దోమ ముక్కలు ఎగిరిపోతాయి కనుక పంకా ఆపేశాడు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. కంటికటకం పగిలింది. ఆ గదిని ఇవాళ ఏసీతో చల్లబరిచి, పాలరాయి పరిచి, గాజుపెట్టెలో మెరిసే పరికరం పెడితే చూడడానికి వచ్చిన పిల్లలకు అక్కడేం జరిగిందో తెలియదు. ఈ మాట ఎందుకంటున్నానో ముందు ముందు చెబుతాను.

ఆగస్టు నడిమిలో ఆయన మనుషుల్లో ఒకడు కొత్తరకం పిల్లపురుగులున్న సీసా తెచ్చాడు. అందులోంచి లేచిన దోమలు గోధుమరంగువి, రెక్కల మీద మచ్చలు. గోడ మీద వాలితే తోక పైకెత్తి ఏటవాలుగా నిలబడేవి. 16వ తేదీన వాటిని హుస్సేన్ ఖాన్ అనే రోగి మీద వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఆయనకు ముట్టింది. కుట్టిన దోమల్ని రోజుకు కొన్ని చొప్పున కోస్తూ వచ్చారు. 20వ తేదీకి ఒకటి రెండే మిగిలాయి. ఆ రోజు కోసిన దోమ పొట్ట గోడలో, ఉండకూడని చోట, గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులు. మలేరియా రోగి రక్తంలో కనిపించే రంగే అది. మరునాడు చివరి దోమను కోస్తే కణాలు ఇంకాస్త పెద్దవై ఉన్నాయి. అంటే దోమ లోపల పరాన్నజీవి పెరుగుతోంది. ఆ పెరుగుదల చూశాక ఇక అనుమానం లేదు. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది.

పై అధికారులు వెంటనే ఆయన్ను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా తక్కువ. తరువాత కలకత్తాలో మహమ్మద్ బక్స్ అనే సహాయకుడితో కలిసి పిట్టల మలేరియా మీద పనిచేసి, 1898లో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరడం చూపాడు. మనిషి మలేరియా విషయంలో ఆ చక్రాన్ని అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం పూర్తిచేసింది. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది.

ఆగస్టు 20ని ఇప్పుడు ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు. హుస్సేన్ ఖాన్ పేరు మాత్రం ఆ దినం నాడు కూడా తక్కువే వినబడుతుంది. ఒళ్ళు కాలిపోతున్న మనిషి చేయి చాపి దోమలకు ఇచ్చాడు. ఆ సీసా తెచ్చినవాడి పేరు మనదాకా రానే లేదు. మ్యూజియం గుమ్మం దాటగానే రాస్ బొమ్మ ఎంత పెద్దదిగా ఉంటే, ఈ ఇద్దరి కథా అంత పెద్దదిగా ఉండాలి.

సున్నం గోడకు సిమెంటు మందు కాదు

కలకత్తాలో రాస్‌కు స్మారక ద్వారం ఉంది. 1927లో ఆయన సమక్షంలోనే ఆవిష్కరించారు. బేగంపేటలో ఉన్నది అంతకంటే విలువైనది. అసలు పని జరిగిన కట్టడం. అయినా అది చాలా ఏళ్ళు పట్టించుకునేవాళ్ళు లేక పడి ఉంది. 1997లో ఆవిష్కరణకు నూరేళ్ళు నిండిన సందర్భంగా పరాన్నజీవి వ్యాధుల మీద అంతర్జాతీయ సమావేశం హైదరాబాద్‌లో జరిగింది. దేశదేశాల శాస్త్రవేత్తలు వచ్చారు. ఆ ఊపులో భవనాన్ని బాగుచేశారు, రాస్ స్మృతిని అక్కడ నిలిపారు. ఆ సందడి తగ్గాక మళ్ళీ నిర్లక్ష్యం. గోడలు చెమ్మగిల్లుతున్నాయనీ, ఆవరణ పాడుపడుతోందనీ పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చిందో! పునరుద్ధరణ అంటే ఒక ఉత్సవానికి రంగు వేయడం కాదని తెలుసుకోవడానికి ఈ ఒక్క కట్టడం చరిత్ర చాలు.

పాత కట్టడాల వైద్యం గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. సిమెంటు రాకముందు మన గోడలు గానుగ సున్నంతో లేచేవి. గుండ్రటి తొట్టిలో సున్నం, ఇసుక వేసి, ఎద్దులు రాతి చక్రాన్ని తిప్పుతుంటే గంటల తరబడి నలిగేది. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు అందులో పడేవి. అలా కట్టిన గోడ చెమ్మను పీల్చుకుని మళ్ళీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. నీరు లోపలే నిలిచి, ఉప్పు తేరి, రెండు మూడు వానాకాలాల్లో పూత పెళ్ళలుగా ఊడిపడుతుంది. దాని వెంట పాత ఇటుక కూడా పొడి అవుతుంది. తొందరలో బాగుచేసిన కట్టడాలు ముందుకంటే త్వరగా పాడైపోవడానికి చాలాచోట్ల ఇదే కారణం. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకాలి, ఆయన అడిగినంత కాలం ఇవ్వాలి. టెండరు గడువు మార్చి 31 అయితే సున్నం ఆ తేదీకి ఆరదు.

గోడల సంగతి చెబుతుంటే అరకు గోడలు గుర్తొస్తాయి. ఏజెన్సీలో మలేరియా మీద పోరు ఎక్కువగా గోడల మీదే జరిగింది. దోమ రక్తం తాగాక బరువెక్కి దగ్గరి గోడ మీద వాలుతుంది. అందుకే ఇళ్ళ లోపలి గోడలకు మందు పిచికారీ చేస్తారు. కొండ ఇళ్ళవి ఎర్రమట్టి గోడలు. మట్టి మందును తనలోకి లాగేసుకుంటుంది. పైగా పండగ వస్తే ఆడవాళ్ళు ఇల్లు అలుకుతారు, మందు మట్టి కింద కప్పబడిపోతుంది. ఇల్లు శుభ్రంగా పెట్టుకున్నందుకు వాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పండగల నెల చూసుకుని పిచికారీ పెట్టుకోవలసింది పథకం రాసేవాళ్ళు. ఇంత చిన్న విషయంలో ఎంత శాస్త్రం, ఎంత సమాజం ఉన్నాయో చూపించగలిగినదే నా దృష్టిలో విజ్ఞాన ప్రదర్శనశాల.

పోగొట్టుకున్నవి, నిలబెట్టుకున్నవి

విజ్ఞాన కట్టడాలను కాపాడుకునే విషయంలో విశాఖపట్నం వాళ్ళకు పాత గాయం ఒకటుంది. గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో డాబా గార్డెన్స్‌లోని తన ఇంట్లో సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదిలేసి దాన్ని నడిపాడు. 1868 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడి నుంచి చూసి లెక్కలు పంపాడు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీ ఆయన్ను 1871లో ఫెలోగా ఎన్నుకుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఓడలకు వేళ తెలిపే జెండా ఏర్పాటు కూడా ఈ కుటుంబం చలవే. ఇప్పుడు డాబా గార్డెన్స్‌లో ఎంత తిరిగినా ఆ వేధశాల కనబడదు. దేశంలో ఒక భారతీయుడు సొంతంగా కట్టుకున్న తొలి ఆధునిక వేధశాలల్లో ఒకటి నేలమట్టమైంది. అది నిలిచి ఉంటే ఈ కథనం విశాఖ నుంచే మొదలయ్యేది.

బేగంపేటలోనే మరొకటుంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా వేధశాల తరువాత ఇక్కడికి మారి, ప్రపంచ నక్షత్ర పటం తయారీలో ఏళ్ళ తరబడి పాలుపంచుకుంది. లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచి గ్రంథాలుగా అచ్చువేసింది. ఇది కూడా ఉస్మానియా చేతికి వచ్చిందే, ఇది కూడా ఆదరణ లేక చిక్కిపోయిందే. రాస్ భవనం, నిజామియా వేధశాల రెండూ ఒకే పేటలో ఉన్నాయి. ఒకచోట సూక్ష్మదర్శినిలోంచి, మరోచోట దూరదర్శినిలోంచి మనిషి చూసిన చూపులు. రెంటినీ కలిపి ఒక్క పూటలో చూపించే ఏర్పాటు చేయడానికి కొత్త కట్టడం ఒక్కటీ అక్కరలేదు.

నిలబెట్టుకున్న అనుభవమూ మనకుంది. కుర్సురా జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి విశాఖ రామకృష్ణా బీచ్ ఒడ్డున మ్యూజియంగా ఉంది. నావికులు పడుకున్న ఇరుకు బల్లలు, వంట గది, టార్పెడో గొట్టాలు ఎక్కడివక్కడే ఉంచారు. దాన్ని అందంగా, వెడల్పుగా చేయాలని ఎవరూ అనుకోలేదు. అందుకే లోపలికి వంగి వెళ్ళిన పిల్లవాడు ఆ ఇరుకును జన్మలో మరిచిపోడు. దేశంలో విజ్ఞాన మ్యూజియంల ఉద్యమమే ఒక పాత ఇంట్లో మొదలైంది. కలకత్తా గురుసదయ్ రోడ్డులో బిర్లాలు ఇచ్చిన తమ భవంతిని మార్చి, 1959 మే 2న పారిశ్రామిక, సాంకేతిక ప్రదర్శనశాలగా తెరిచారు. లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గుర్తించిన గదిని 1928లో ఉన్నట్టే ఇరుగ్గా, చిందరవందరగా సర్ది పెట్టారు. బేగంపేట గదికి అదే దారి. ఉక్క ఉండాలి, చీకటి ఉండాలి, కదలని పంకా వేలాడుతుండాలి. చూడడానికి వచ్చినవాళ్ళకు కూడా చెమట పట్టాలి. ఇందాక చెబుతానన్న మాట ఇదే.

1897 తరువాత ఏమైంది?

రాస్ దోమను చూపించాక జ్వరం పోయిందా? మ్యూజియం ఆ తేదీ దగ్గరే ఆగిపోతే పిల్లలు పోయిందనే అనుకుని వెళ్ళిపోతారు. పోలేదు. తరువాతి గదులన్నీ మన కొండలకే ఇవ్వాలి.

పెర్రీ అనే వైద్యుడు జయపురం కొండల్లో ఊరూరూ తిరిగి పిల్లల పొట్ట తడిమి, ప్లీహం వాపు చూసి, మలేరియా ఎంత లోతుగా పాతుకుందో 1914లో ప్రకటించాడు. ఆ కొండలు అప్పట్లో మద్రాసు రాజధానిలో, విశాఖ జిల్లాలో భాగం. ఇప్పుడు ఒడిశాలోని కొరాపుట్ ప్రాంతం. అరకు ఆ కొండల వరసలోదే. 1930లలో బెంగాల్ నాగపూర్ రైల్వే మలేరియా నిపుణుడు సీనియర్ వైట్ ఇవే కొండల్లో ఏళ్ళ తరబడి దోమల్ని కోసి, ఏ జాతి ఏ నెలలో జ్వరం తెస్తుందో తేల్చాడు. రైలు మార్గం వేయాలంటే ముందు దోమ లెక్క తేలాలి, అందుకే ఆ ఖర్చు. కొండ మనుషుల కోసం కాదు. అయినా ఆ కొలతలు ఈనాటికీ పనికొస్తున్నాయి.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా, 8 లక్షల చావులు అని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలైంది. డీడీటీ చల్లారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఇక అయిపోయిందనుకున్నారు. 1976లో 64 లక్షలు దాటింది. దోమ మందుకు అలవాటుపడింది, పరాన్నజీవి క్లోరోక్విన్‌ను తట్టుకోవడం నేర్చింది, ప్రభుత్వం అలసింది. ఈ పైకీ కిందికీ ఊగిన గీతను ఒక గోడ నిడివినా గీయాలి. గెలిచామనుకుని చేతులు దులుపుకున్న చోటల్లా ఎర్ర గుర్తు పెట్టాలి. ఇప్పుడు మందు పూసిన దోమతెరలు, వేలి చుక్కతో పావుగంటలో ఫలితం చెప్పే కిట్లు, ఆర్టెమిసినిన్ మాత్రలు, ఆశా కార్యకర్త నడక కలిసి జ్వరాన్ని బాగా తగ్గించాయి. 2030 నాటికి దేశం నుంచి మలేరియాను తొలగించాలని లక్ష్యం. ఏజెన్సీ గూడేల్లో జ్వరం మనిషిని డోలీ కట్టి మోసుకొచ్చే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. రోడ్డు లేని ఊరికి కిట్టు చేరేది నడక మీదే.

వీటన్నిటికంటే ముఖ్యమైన గది మరొకటి ఉండాలి. అది రక్తం గది. ఏజెన్సీ ఆదివాసుల్లో కొడవలి కణ రక్తహీనత ఎందుకు ఎక్కువగా కనిపిస్తుంది? కారణం మళ్ళీ మలేరియాయే. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి మాత్రమే ఆ జన్యువు వచ్చిన బిడ్డను ప్రమాదకరమైన మలేరియా అంత సులువుగా చంపలేదు. వందల తరాలుగా జ్వరం మధ్య బతికిన చోట ఆ జన్యువు నిలిచిపోయింది. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం ఆ బిడ్డకు జీవితమంతా నొప్పి, రక్తలేమి. ఈ లంకెను ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో 1954లో నిరూపించాడు. మన దేశంలో కొడవలి కణాలను మొదట నీలగిరి ఆదివాసుల్లో 1952లో గుర్తించారు. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఇప్పుడు ఆదివాసీ ప్రాంతాల్లో రక్త పరీక్షలు చేస్తున్నారు. చేతికి కార్డు ఇస్తున్నారు. ఆ కార్డు అందుకున్న పదిహేనేళ్ళ అమ్మాయికి అది శాపం కాదనీ, తన ముత్తాతల్ని బతికించినదే తన రక్తంలో మిగిలిందనీ ఎవరు చెప్పాలి? ఆసుపత్రిలో నర్సుకు అంత తీరిక లేదు. పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాలుంటే ఎక్కువ. మ్యూజియం చెప్పగలదు. పెళ్ళి సంబంధాలు చూసుకునేటప్పుడు ఏం పరీక్ష చేయించుకోవాలో కూడా, సిగ్గుపెట్టకుండా, అక్కడే చెప్పవచ్చు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును కూడా ఈ ఇంట్లోకి పిలవాలి. ఆయన నడిపిన లెడర్లే పరిశోధనశాల నుంచి 1947లో వచ్చిన హెట్రజాన్ బోదకాలుకు మందు. అదీ దోమ మోసే జబ్బే. మాన్సన్ దోమలో చూసిన పురుగును చంపే మందు ఒక తెలుగువాడి చేతి మీదుగా వచ్చింది. మాన్సన్ శిష్యుడు మలేరియా గుట్టు విప్పింది తెలుగు నేల మీద. ఈ రెండు దారాలూ కలిసే చోటు ప్రపంచంలో బేగంపేట ఒక్కటే.

అరకులో ఒక గది

అరకులో 1996 నుంచి గిరిజన మ్యూజియం ఉంది. మట్టి కట్టడం. థింసా ఆడుతున్న బొమ్మలు, నగలు, వేట సాధనాలు, వంటిల్లు, పెళ్ళి తంతు అక్కడ చూడవచ్చు. దగ్గర్లో కాఫీ మ్యూజియం కూడా వచ్చింది. పర్యాటకులు బొర్రా గుహలు చూసి వస్తూ రెండుచోట్లా ఆగుతారు. ఆదివాసి అంటే ఆట, పాట, నగ అన్నట్టు చూపించడంతో నాకు ఎప్పుడూ పేచీయే. ఏ గెడ్డ నీరు ఏ కాలంలో మంచిదో, ఏ ఆకు జ్వరానికి నూరాలో, ఊరు ఎక్కడ కట్టుకోవాలో తేల్చుకున్నది కూడా జ్ఞానమే. దానికి పక్కనే సూక్ష్మదర్శిని పెట్టి ఆ రెంటినీ మాట్లాడుకోనివ్వాలి.

బేగంపేట మ్యూజియంకు అరకులో ఒక శాఖ కావాలని నేను అడుగుతున్నది అందుకే. కొత్త అద్దాల మేడ వద్దు. ఏజెన్సీలో పాత విడిది బంగళాలు, అటవీశాఖ వసతిగృహాలు ఉన్నాయి. రాతి పునాది, మందపు గోడ, పెంకు కప్పు. వాటిలో వాడకం తగ్గినది ఒకటి ఎంచుకుని, ఊరి మట్టిపని తెలిసినవాళ్ళ చేతే బాగుచేయించాలి. పేరుపలకలు తెలుగులో, ఆదివాసీ ఒడియాలో, కువిలో ఉండాలి. గదబ, పోర్జ పిల్లలకు తమ మాట వినబడాలి. చెప్పేవాళ్ళుగా ఆ ఊళ్ళలో ఏళ్ళుగా రక్తపూతలు తీసిన మలేరియా సిబ్బందినీ, ఆశా కార్యకర్తలనూ పెట్టాలి. వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆశ్రమ పాఠశాల పిల్లలు గాజు పళ్ళెంలో పిల్లపురుగుల్ని చూసి, నీటి మీద బల్లపరుపుగా పడుకున్నది అనాఫిలిస్ అనీ, తల కిందులుగా వేలాడేది క్యూలెక్స్ అనీ పది నిమిషాల్లో నేర్చుకుంటారు. ఆ సాయంత్రమే తమ ఊరి గెడ్డలో వెతుకుతారు.

అక్కడి పిల్లల్ని ఏడాదికొకసారి బేగంపేట తీసుకురావాలి. హైదరాబాద్ పిల్లల్ని వానాకాలం తరువాత అరకు తీసుకెళ్ళాలి. రాస్ చూసిన మచ్చల రెక్కల దోమ బహుశా అనాఫిలిస్ స్టెఫెన్సై అయి ఉంటుందని శాస్త్రవేత్తలు అంటారు. అది పట్నపు దోమ, నీళ్ళ ట్యాంకుల్లో పెరుగుతుంది. 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో కనబడింది మొదలు ఆ ఖండంలోని నగరాలకు పాకుతోంది. మలేరియా కొండ జబ్బు మాత్రమే అనుకునే పట్నపు పిల్లలకు ఇది తెలియాలి.

ఇక డబ్బు మాట. భవనం బాగుచేయడానికి ఒకసారి నిధులు రావడం కష్టం కాదు. ఏదో ఒక వార్షికోత్సవం వస్తుంది, ఎవరో ఒక మంత్రి రిబ్బను కత్తిరిస్తారు. 1997లో మనకు జరిగింది అదే. దక్కనిది తరువాతి ఏళ్ళ ఖర్చు. ఉస్మానియా జంతుశాస్త్ర విభాగం పాఠాలు చెప్పుకుంటూ, పరీక్షలు పెట్టుకుంటూ మ్యూజియం నడపలేదు. దానికి వేరే పద్దు, వేరే మనుషులు కావాలి. తెలంగాణ వారసత్వ శాఖ, విశ్వవిద్యాలయం, అరకు వైపు నుంచి పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒక బల్ల చుట్టూ కూర్చుని రాసుకోవలసిన ఒప్పందం పెద్దదేమీ కాదు. ఒక్కోచోట ఒక క్యూరేటరు, ఇద్దరు గైడ్లు, పరికరాలు చూసుకునే ఒక టెక్నీషియన్, ఏటా మే నెలలో నిచ్చెన వేసుకుని పైకప్పు ఎక్కి పగుళ్ళు చూసే సున్నం మేస్త్రి ఒకరు. వీళ్ళ జీతాలు బడ్జెట్‌లో శాశ్వత పద్దుగా చేరిన రోజున పని మొదలుపెట్టవచ్చు.